పిల్లలకు పిట్టల పేర్లు చెప్పాలంటే కార్తెలు చూసుకోండి

లకుముకిపిట్ట, గునుగు, ఆరుద్ర పురుగు... ఈ పేర్లు నగరం పిల్లల నోట నిలవాలంటే పెద్ద జాబితా పెట్టుకోవద్దు. కాలానికి ఒక్క పేరు చాలు. ఆ పిట్టో పువ్వో కంటపడే రోజుల్లోనే బొమ్మ, పద్యం బయటికి తీయండి.

జూన్ చివర్లో, ఆరుద్ర కార్తె వానలకి, ఎర్ర మఖమల్ ముక్కలాంటి ఆరుద్ర పురుగు. (అగ్గిపెట్టెలో దాచుకోనివ్వకండి, చూసి వదిలేయమనండి.) దసరాకి పాలపిట్ట. బతుకమ్మకి తంగేడు, గునుగు ఎటూ చేతిలోనే ఉంటాయి.

వానాకాలమంతా మాత్రం గిజిగాడిదే. జాషువా ‘గిజిగాడు’ పద్యాలు తీసి రెండుసార్లు రాగంగా చదవండి. ప్రతిపదార్థం మొదలుపెట్టారో, పిల్లలు లేచి వెళ్లిపోతారు! తర్వాత గూడు బొమ్మ గీయించండి: పైన కొమ్మకు ముడి, మధ్యలో ఉబ్బిన గది, కింద పొడుగాటి గొట్టం. రాకపోకలన్నీ ఆ గొట్టంలోంచే. మగపిట్ట సగం అల్లి ఆగుతుందనీ, ఆడపిట్టకు నచ్చితేనే మిగతాది పూర్తి చేస్తుందనీ చెప్పండి. మా ఇంట్లో నవ్వులన్నీ ఇక్కడే. ఈ గూళ్లు ఎక్కువగా తాటాకులకు, బావి మీదికి వంగిన తుమ్మ కొమ్మలకు వేలాడుతుంటాయి. అందుకని ఊరెళ్లేటప్పుడు బస్సులో కిటికీ సీటు పిల్లలకే ఇవ్వండి.

బొమ్మ కింద పేరు మాత్రం మీరు రాయకండి. వంకరటింకరగా ఉన్నా సరే, వాళ్ల చేతే రాయించండి.