స్టాల్ నుంచి బయటపడటం, 4వ పాఠం: ముందు ముక్కు, తర్వాతే పవర్

గాలికి రెక్క కోణం దాదాపు 16 డిగ్రీలు దాటితే లిఫ్ట్ (విమానాన్ని పైకి ఎత్తి ఉంచే బలం) పడిపోతుందని, దాన్నే స్టాల్ అంటారని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి పడిపోయాక ఏం చేయాలో చూద్దాం. విమానం సెస్నా 172ఎస్ అనే ఒక్క ఇంజిన్ చిన్న విమానం అనుకోండి.

ముందు ఎత్తు. నేల నుంచి 3,000 అడుగులైనా ఉండాలి. ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటర్) చూపేది సముద్ర మట్టం నుంచి లెక్క, మన వరంగల్ నేలే దాదాపు 900 అడుగుల మీద ఉంది కాబట్టి మామునూరు మీద ఎగురుతున్నామనుకుంటే (నిజాం కాలం నాటి ఆ రన్‌వే కనీసం మన లెక్కకైనా పనికొస్తోంది) ఆ మీటర్‌లో 3,900 అడుగులు కనిపించాలి. బెల్టులు బిగించి, అటూ ఇటూ ఓసారి తిరిగి, కింద ఇంకో విమానం లేదని చూసుకోండి.

థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచి తగ్గించేది) పూర్తిగా వెనక్కి. ఎత్తు తగ్గకుండా యోక్‌ను (విమానం స్టీరింగ్ లాంటిది, లాగితే ముక్కు లేస్తుంది) కొంచెం కొంచెంగా లాగుతూ పోండి. గాలి హోరు తగ్గుతుంది, యోక్ వదులవుతుంది, ఎడమ రెక్క ముందు అంచులో ఉన్న చిన్న రంధ్రం గాలిని పీలుస్తుంటే పిల్లల పీపీలా కూత మొదలవుతుంది. అది వేగం స్టాల్ స్పీడ్‌కు ఇంకా 5 నుంచి 10 నాట్లు (నాట్ అంటే విమాన వేగం కొలత) పైన ఉండగానే వినిపిస్తుంది. ఇంకా లాగితే విమానం వణికి, ముక్కు దానంతటదే వాలుతుంది.

ఎదురుగా నేల కనిపించగానే ఎవరి చెయ్యైనా వెనక్కే లాగుతుంది, ఆ టెన్షన్‌లో లాగారో స్టాల్ ఇంకా ముదురుతుంది. యోక్ ముందుకు వదలండి. డైవ్ కొట్టక్కర్లేదు, కూత ఆగితే చాలు. ఆ వెంటనే ఫుల్ పవర్, దాంతోపాటే కుడి రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే కాలి పెడల్), ఎందుకంటే పవర్ ఇవ్వగానే ప్రొపెల్లర్ ముక్కును ఎడమకు లాగుతుంది. పవర్ ముందు ఇస్తే ముక్కు ఇంకా పైకి లేస్తుంది. ఇంజిన్ ఆగిపోయినా స్టాల్ నుంచి బయటపడొచ్చు, ముక్కు దించకుండా మాత్రం కుదరదు.

ఒక రెక్క వాలితే? యోక్ తిప్పి లేపాలనిపిస్తుంది. వద్దు. వాలిన రెక్క మీది ఐలెరాన్ (యోక్ తిప్పితే కదిలే, రెక్క వెనక అంచు పలక) కిందికి దిగి అక్కడి కోణాన్ని ఇంకా పెంచుతుంది, స్పిన్‌లో (గిరగిరా తిరుగుతూ కిందికి) పడేది అలాగే. ముక్కు దించుతూనే ఎదురు వైపు రడ్డర్ తొక్కి తిరగడం ఆపండి, రెక్కకు పట్టు దొరికాకే ఐలెరాన్. ఫ్లాప్స్ (నెమ్మదిగా ఎగరడానికి రెక్కల వెనక దించే పలకలు) దించి ఉంటే ఒక్కసారే లేపేయకండి, విడతలుగా.

మన మే ఎండల్లో స్పీడ్ మీటర్ మీద స్టాల్ స్పీడ్ మారదు, ఫ్లాప్స్ లేకుండా 48 నాట్లే. కానీ పల్చటి గాలిలో ఇంజిన్ అంతగా లాగదు, పోయిన ఎత్తు తిరిగి రావడానికి చాలా సేపు పడుతుంది. ఇంకో 500 అడుగులు పైనే మొదలుపెట్టండి.

ఈ వారం కుర్చీలో కూర్చుని ఎడమ చేయి యోక్, కుడి చేయి థ్రాటిల్ అనుకుని ఈ వరుస చేతులకు అలవాటు చేయండి. గాల్లో మాత్రం ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉంటేనే. వచ్చే పాఠం మలుపులో స్టాల్: 60 డిగ్రీలు వాల్చి ఎత్తు నిలబెడితే ఆ 48 కాస్తా 68 ఎలా అవుతుందో చూద్దాం.