పాత మట్టి ఇల్లు చదవడం – 3వ పాఠం: గోడ కంటే ముందు చూరు

కిందటి పాఠంలో పచ్చి ఇటుక సంగతి చూశాం. బంకమన్ను, ఇసుక, గడ్డి కలిపి ఎండబెట్టినదే తప్ప బట్టీలో కాల్చినది కాదు. నీళ్లలో వేస్తే మళ్లీ మన్నే. ఆ భయాన్ని మనసులో పెట్టుకుని ఇవాళ ఒక ఇంటిని చదువుదాం.

కాలిఫోర్నియాలోని పెటలూమా అడోబీ. అడోబీ అంటే పచ్చి ఇటుక, దానితో కట్టిన ఇల్లు కూడా. అక్కడ మెక్సికో పాలన సాగుతున్న కాలంలో, 1836లో, సైన్యాధికారి మరియానో వయేహో దీన్ని మొదలుపెట్టించాడు. 66,000 ఎకరాల పశువుల క్షేత్రానికి ఇదే కేంద్రం. ఇక్కడి తోళ్లూ కొవ్వూ ఓడలెక్కేవి. ‘వయేహో కట్టిన ఇల్లు’ అని రాస్తుంటారు గానీ, ఇటుకలు కోసిన చేతులు కోస్ట్ మీవోక్, పోమో వంటి ఆదివాసులవి.

ముందు చూరు చూడండి. రెండంతస్తుల ఇల్లు, పై అంతస్తు పొడవునా కొయ్య వసారా, దాన్ని దాటి ముందుకు వాలిన కప్పు. చూసినవాళ్లు అందం కోసం అనుకుంటారు. వానలో ఆ వసారా కింద నిలబడితే అసలు సంగతి తెలుస్తుంది: నీటిధార గోడకు బారెడు అవతల పడుతుంది. ఆ ఇల్లు గొడుగు వేసుకుని ఉందన్నమాట.

గొడుగు పోతే? 1857లో వయేహో దీన్ని అమ్మేశాడు. ఆ తర్వాత ఆలనాపాలనా కరువైంది. 1910లో నేటివ్ సన్స్ ఆఫ్ ది గోల్డెన్ వెస్ట్ అనే సంఘం చేతికి వచ్చేసరికి మిగిలింది సుమారు సగమే.

తర్వాత గోడ అడుగు. నేల తేమ గోడలోకి ఎక్కి, మోకాలి ఎత్తులో ఆవిరవుతుంది. అక్కడ తెల్లటి ఉప్పు పొర, వేలు తగిలితే రాలే మన్ను కనిపిస్తాయి. దాన్ని కప్పిపుచ్చడానికి సిమెంటు పూత వేయడం నా దృష్టిలో గోడకు చేసే ద్రోహం. తేమ బయటికి రాలేక లోపలే గోడను తినేస్తుంది. సున్నమైతే ఊపిరాడనిస్తుంది.

అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న ఒక మట్టి గోడ దగ్గరికి టేపు తీసుకెళ్లండి. చూరు ఎంత ముందుకు వచ్చిందో, చూరునీళ్లు నేలలో తవ్విన గాడి గోడకు ఎంత దూరంలో ఉందో రాసుకోండి. గాడి చూరు అంచుకు సరిగ్గా కింద లేకుండా గోడవైపు జరిగి ఉంటే, వానగాలి ఆ వైపు నుంచి కొడుతోందని అర్థం. అక్కడ గోడ అడుగును గోటితో గీకి చూడండి. పెటలూమా వెళ్తే మాత్రం గీకకండి, అది రాష్ట్ర పార్కు.