దృశ్య సాఫ్ట్‌వేర్‌తో తొలి వెబ్‌సైటు కట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కోడు రాయకుండా, బొమ్మలనూ అక్షరాలనూ మౌసుతో లాగి పేర్చి పేజీ తయారు చేసే సాఫ్ట్‌వేర్లు 1990లలోనే వచ్చాయి. 1997లో మాక్రోమీడియా విడుదల చేసిన డ్రీమ్‌వీవర్ వాటిలో బాగా పేరు పొందింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో తొలి వెబ్‌సైటు కట్టబోయేవారు మొదటే గ్రహించవలసిన విషయం ఒకటుంది. డిజైన్ తెర మీద కనిపించే పేజీ మీ కంప్యూటర్లోని ఫైళ్లతో, మీ దగ్గరున్న ఫాంట్లతో, మీ తెర వెడల్పుకు తగినట్లు ఏర్పడిన రూపం. చూడబోయేవారి దగ్గర ఈ మూడింటిలో ఏదీ ఉండకపోవచ్చు. కొత్తవారు పడే ఇబ్బందులలో చాలా భాగం ఈ తేడాను గమనించకపోవడం వల్ల వచ్చేవే.

సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు, అది రేపు ఆగిపోతే మీ చేతిలో ఏమి మిగులుతుందో ముందే చూసుకోండి. ఇదే తరహా సాఫ్ట్‌వేర్ అయిన అడోబీ మ్యూజ్‌కు 2020 మార్చిలో తయారీదారు మద్దతు ఆగిపోయింది. అందులో కట్టిన సైట్లు సర్వరు (సైటును ఇంటర్నెట్‌లో అందరికీ చూపించే కంప్యూటర్) మీద పనిచేస్తూనే ఉన్నా, వాటి మూల ఫైళ్లను మార్చాలంటే మళ్లీ మ్యూజే కావాలి. డ్రీమ్‌వీవర్ మామూలు హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) ఫైళ్లనే భద్రపరుస్తుంది కనుక వాటిని ఏ టెక్స్ట్ ఎడిటర్లోనైనా తెరిచి దిద్దుకోవచ్చు. సులువు కొంత తక్కువైనా రెండో రకాన్నే ఎంచుకోమని నా సలహా.

పని మొదలుపెట్టే ముందు సైటు కోసం విడిగా ఒక ఫోల్డర్ తయారు చేసి, వాడబోయే బొమ్మలన్నిటినీ అందులోకి చేర్చి, ఆ ఫోల్డరే సైటు మూలమని సాఫ్ట్‌వేర్‌కు తెలియజేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే. పేజీలో బొమ్మ పెట్టినప్పుడు బొమ్మ పేజీలోకి వచ్చి చేరదు. బొమ్మ ఫైలు ఎక్కడుందో తెలిపే చిరునామా మాత్రమే పేజీలో నమోదవుతుంది. వర్డ్‌లో బొమ్మలు అతికించే అలవాటుతో వచ్చేవారికి ఈ సంగతి తట్టదు, నాకూ తట్టలేదు. నా మొదటి సైటులో ఫోటోలను డెస్క్‌టాప్ మీదనే ఉంచి పేజీలోకి లాగాను. సాఫ్ట్‌వేర్ వాటికి నా హార్డ్ డిస్కులోని దారిని రాసుకుంది. నా కంప్యూటర్లో అన్నీ చక్కగా కనిపించాయి. ఇతరులకు బొమ్మల చోట ఖాళీ గళ్లు కనిపించాయి. నా తెర మీద బాగానే ఉన్నందువల్ల లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఫైలు పేరు మార్చవలసి వస్తే కూడా సాఫ్ట్‌వేర్ లోపలి ఫైళ్ల జాబితాలోనే మార్చండి. అప్పుడు లింకులను అదే సరిచేయగలుగుతుంది, బయట మారిస్తే దానికి తెలియదు.

ఫైళ్ల పేర్లను ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, అడ్డగీతలతోనే, ఖాళీలు లేకుండా పెట్టుకోవాలి. విండోస్ పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వరు వాటిని వేర్వేరు పేర్లుగా చూస్తుంది. మొదటి పేజీకి సాధారణంగా index.html అనే పేరే ఉండాలి.

పెట్టెలను నచ్చిన చోటికి లాగి పెట్టే సౌకర్యం తొలి పేజీలో ఎంతో ఉత్సాహాన్నిస్తుంది, కానీ అలా స్థానం బిగించిన పెట్టెలు ఫోను తెర మీద ఒకదానిపై ఒకటి పడతాయి లేదా పక్కకు జారి కనిపించకుండా పోతాయి. తెర వెడల్పును బట్టి సర్దుకునే అమరికను మొదటి నుంచే వాడుకోండి. అంతా పూర్తయ్యాక మార్చడం దాదాపు మళ్లీ కట్టడమే. తెలుగు పేజీలకు ఈ జాగ్రత్త మరింత అవసరం. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కనుక ఇంగ్లీషుకు సరిపోయే వరుస ఎత్తు చాలదు. ఎత్తు బిగించిన పెట్టెలో చివరి వరుస వత్తులు తెగిపోతాయి. డీటీపీ పనులకు వాడే, యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేతాల పద్ధతి) కాని ఫాంట్లలో టైపు చేసిన వచనాన్ని అలాగే అతికిస్తే, ఆ ఫాంటు లేనివారికి అర్థం లేని అక్షరాలు కనిపిస్తాయి. వచనం యూనికోడ్‌లో, పేజీ యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను ఫైలులో భద్రపరిచే పద్ధతిలో) ఉండాలి. నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంటును సైటుతో పాటే అందించాలి.

బొమ్మ మూలను పట్టి లాగితే కనిపించే కొలత తగ్గుతుందే గాని ఫైలు బరువు తగ్గకపోవచ్చు. 4000 పిక్సెళ్ల ఫోటోను 400 పిక్సెళ్ల చోట చూపించినా పూర్తి ఫైలే దిగుతుంది. ముందే కుదించి పెట్టండి.

సర్వరుకు ఎక్కించే రోజున తొందరపడకూడదు. డ్రీమ్‌వీవర్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఎక్కించే బాణం, దించే బాణం పక్కపక్కనే ఉంటాయి. ఒకదానికి బదులు మరొకటి నొక్కితే సర్వరులోని పాత ఫైలు వచ్చి మీరు రోజంతా దిద్దిన ఫైలు మీద కూర్చుంటుంది. అందుకే ప్రతిసారీ ఎక్కించే ముందు ఫోల్డర్ మొత్తాన్ని తేదీ పేరుతో మరో చోట నకలు చేసుకోండి. ఫైళ్లను సర్వరుకు చేరవేసే మామూలు ఎఫ్‌టీపీ పద్ధతిలో పాస్‌వర్డు రహస్య లిపి లేకుండానే ప్రయాణిస్తుంది కనుక, సర్వరు మీద చోటిచ్చే హోస్టింగు సంస్థ రహస్య లిపి వాడే ఎస్ఎఫ్‌టీపీ ఇస్తుంటే దానినే వాడాలి. డొమైను పేరును (సైటు చిరునామాగా వాడే పేరును), సైటు కట్టి ఇచ్చేవారి పేరు మీద కాక, మీ పేరు మీదనే నమోదు చేయించుకోండి.

ఎక్కించిన తరువాత సొంత కంప్యూటర్లో కాక, వేరొకరి ఫోనులో సైటు తెరిచి ప్రతి లింకునూ నొక్కి చూడాలి. సంప్రదింపు ఫారాన్ని మరింత శ్రద్ధగా పరీక్షించాలి. సాఫ్ట్‌వేర్ గళ్లనూ బటన్‌నూ గీసి ఇస్తుంది గాని, నింపిన వివరాలను మీకు చేర్చే పని సర్వరు మీద నడిచే మరో ప్రోగ్రాముది. అది లేకపోతే బటన్ నొక్కినా మీకు ఏ ఈమెయిలూ రాదు. రాసినవారు మాత్రం మీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటారు. మీరే ఫారం నింపి పంపి, ఈమెయిల్ మీ పెట్టెలో పడిందో లేదో, స్పామ్‌తో సహా వెతికి చూసుకున్న తరువాతే సైటు చిరునామాను నలుగురికీ తెలియజేయండి.