సూపర్‌హీరో సినిమాలో సువార్త వెతకడం ఎలా?

గుంటూరులో మా చర్చి యూత్ మీటింగుల్లో చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. హీరో చేతులు చాపితే చాలు, 'అదిగో సిలువ!' అని చప్పట్లు కొట్టేవాళ్లను చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావాల్సినవి: సినిమా, బైబిలు, నోటుబుక్కు, పెన్ను. ఫోన్లో నోట్స్ వద్దు, వాట్సాప్‌లో పడిపోతారు. సినిమా తెలుగు డబ్బింగులోనే చూడాలి. సబ్‌టైటిళ్లు చదువుకునేవాళ్లు మొహాలు చూడరు.

మొదటిసారి ఊరికే చూసేయండి. రెండోసారి నోటుబుక్కు తీసి మూడే రాయండి: ఎవరు ఏం వదులుకున్నారు, ఎవరి కోసం, ఎవరి తప్పు ఎవరు మోశారు. 'ది డార్క్ నైట్' (2008) చివర్లో, నేరస్థుడిగా మారిన ప్రాసిక్యూటర్ హార్వీ డెంట్ చేసిన హత్యలను బ్యాట్‌మ్యాన్ తన నెత్తిన వేసుకుంటాడు. సిలువ బొమ్మ ఎక్కడా కనపడదు. అయినా లేవీయకాండం 16లో జనం పాపాలు మోసుకుని అరణ్యంలోకి పోయే మేక గుర్తురావాలి. చేతులు చాపడం లెక్కలోకి రాదు. ఒకసారి నేనే ఆ పొరపాటు చేస్తే మా కుర్రాడొకడు, "అన్నా, శంకర్ విలాస్ సెంటర్లో ట్రాఫిక్ కానిస్టేబులు కూడా చాపుతాడు కదా" అన్నాడు. నోరు మూసుకున్నాను.

అసలు కష్టం ఇక్కడే ఉంది: పోలిక ఎక్కడ తెగుతుందో పట్టుకోవాలి. పది మందిలో తొమ్మిది మంది దీన్ని వదిలేస్తారు.

'మ్యాన్ ఆఫ్ స్టీల్' (2013) చూడండి. భూమ్మీద 33 ఏళ్లుగా ఉన్నానంటాడు సూపర్‌మ్యాన్; యేసును సిలువ వేసేనాటికి ఆయన వయసు కూడా అంతేనంటారు. చర్చిలో ఫాదర్‌తో మాట్లాడుతుంటే వెనక రంగు అద్దాల కిటికీలో సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రార్థిస్తున్న యేసు కనిపిస్తాడు. అందరూ ఇక్కడ ఆగి ప్రసంగం రాసేసుకుంటారు. ఆగకండి. చివరిదాకా వెళ్తే అదే సూపర్‌మ్యాన్ విలన్ జాడ్ మెడ విరిచేస్తాడు. గెత్సేమనేలో ఏం జరిగిందో లూకా 22 తీసి చూడండి. తనను పట్టుకోవడానికి వచ్చినవాళ్లలో ఒకడి చెవి శిష్యుడు నరికితే, యేసు ఆ చెవి ముట్టి బాగుచేశాడు. కిటికీలో ఉన్నదీ హీరో చేసిందీ ఒకటి కాదు. మెడ విరిచాక అతను పెట్టే అరుపు విన్నారా? అది కూడా రాసుకోండి. మీటింగులో మాట్లాడాల్సింది ఆ అరుపు గురించే.

అలాగని తెగిన చోట సినిమాను తిట్టడం మొదలుపెట్టకండి, అది రెండో తప్పు. సూపర్‌మ్యాన్‌ను 1938లో జనం ముందుకు తెచ్చిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ యూదు కుర్రాళ్లు. చావు తప్పించడానికి పసివాణ్ణి తల్లిదండ్రులు రాకెట్లో పెట్టి పంపేయడం నాకైతే యేసు కథకన్నా నిర్గమకాండంలో పసి మోషేను కాపాడడానికి తల్లి నది ఒడ్డున ఉంచిన జమ్ముపెట్టెకే దగ్గరనిపిస్తుంది. అన్నిటినీ కొత్త నిబంధనలోకే లాగక్కర్లేదు. మా వాళ్లతో ఈ మాట మీద ఏటా వాదనే.

మీటింగులో మూడు నిమిషాలకు మించి క్లిప్ వేయొద్దు. వేశాక మీరు మాట్లాడకండి, ప్రశ్న అడగండి. 'స్పైడర్‌మ్యాన్ 2' (2004) రైలు సీను వేశాను ఒకసారి. రైలు ఆపి స్పృహ తప్పిన స్పైడర్‌మ్యాన్‌ను జనం తలల మీదుగా చేతులతో లోపలికి మోసుకొచ్చి పడుకోబెడతారు. విలన్ డాక్టర్ ఆక్టోపస్ వచ్చేసరికి ఆ మామూలు ప్రయాణికులే అడ్డం నిలబడతారు. "మీరైతే ఏం చేసేవాళ్లు?" అన్నాను. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వెనక బెంచీలో ఒకడు, "నేనైతే వెనక బోగీలోకి పరిగెత్తేవాణ్ణి అన్నా" అన్నాడు. అందరూ నవ్వారు. శిష్యులందరూ ఆయనను విడిచి పారిపోయారనే మార్కు 14:50 తీసి, వాడి చేతే చదివించాను.