వరంగల్ నుంచి ఒక్కరోజు అడవి ప్రయాణం: ఎలా సిద్ధం కావాలి?

వరంగల్, హనుమకొండ నుంచి అడవికి బయల్దేరే కుటుంబాల్లో తరచూ కనిపించే తప్పు ఒకటుంది. రామప్ప, లక్నవరం, మేడారం, బొగత అన్నీ ఒకే రోజున చుట్టి రావాలనుకుంటారు. పొద్దుగూకాక లెక్క చూసుకుంటే రోజంతా కారు సీట్లోనే గడిచి ఉంటుంది. అందుకే మొదటి పని సంచి సర్దడం కాదు, చోట్ల జాబితా కొట్టివేయడం. ఒక్కటే ఉంచండి.

పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే నర్సంపేట దాటాక వచ్చే పాకాల మేలు. వరంగల్‌కు సుమారు 50 కిలోమీటర్లు. కాకతీయుల కాలం నాటి చెరువు, చుట్టూ అభయారణ్యం. అసలైన అడవి కావాలంటే 163వ జాతీయ రహదారి మీద ములుగు, గోవిందరావుపేట దాటి తాడ్వాయి వైపు వెళ్లాలి. వాజేడు మండలంలోని బొగత జలపాతం ఇంకా దూరం, ఏటూరునాగారం దాటి గోదావరి వంతెన ఎక్కాలి. పోనురాను ఆరు గంటలు దారికే పోతాయి కాబట్టి ఆ రోజు మరో చోటు పెట్టుకోవద్దు.

తర్వాత నెల చూసుకోండి. ఉష్ణమండల అడవి అనగానే ఏడాది పొడవునా పచ్చగా ఉంటుందనుకుంటాం. మనవి ఆకురాల్చే అడవులు. టేకు, మద్ది, తునికి చెట్లు ఎండాకాలానికి మోడుల్లా నిలబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో నీడ దొరకదు, ఎండుటాకులకు నిప్పంటుకునే భయం వేరే. పైగా ఇప్పపూలు రాలే రోజుల్లో చీకటి విడవని వేళ ఆ చెట్ల కింద ఎలుగుబంట్లు తిరుగుతాయి. నా మాట వింటే అక్టోబరు నుంచి జనవరి వరకే అడవి ప్రయాణం. బొగత నిండుగా దూకేది వానల్లోనే, నిజమే. కానీ అప్పుడు దారిలో వాగులూ నిండుగానే ఉంటాయి. కల్వర్టు మీదుగా నీళ్లు పారుతుంటే, అవి మోకాలి లోతేనని ఎవరు చెప్పినా, బండి వెనక్కి తిప్పండి. వరద ఎక్కువైతే జలపాతం దగ్గరికి రానివ్వరు కూడా, ముందే వాకబు చేసుకోండి.

అభయారణ్యంలో రోడ్డు దిగి లోపలికి నడవాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. దారి తెలిసిన స్థానికుణ్ణి వెంట తీసుకెళ్లండి. దారిలో కోయగూడేలు వస్తే, అవి మనుషుల ఇళ్లు. అడగకుండా ఫొటోలు తీయకండి.

ఇక బట్టలు. నిండు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు, దాని అంచులు సాక్సులోకి దోపుకోవాలి. చూడటానికి బాగుండదు, కానీ పిడుదులు కాళ్లకు పట్టకుండా ఆపేది అదే. బూట్లు పాతవే వేసుకోండి. ఒకసారి నేను కొత్త బూట్లతో వెళ్లి, మధ్యాహ్నానికి రెండు మడమలూ బొబ్బలెక్కి వాటిని చేత పట్టుకుని కుంటుతూ తిరిగొచ్చాను. సెంటు పూసుకోకండి, తేనెపట్టు ఉన్న చోట పొగతాగకండి. చలికాలంలో ఎండిన దూలగొండి కాయలు తగిలితే ఒళ్లంతా దురద. రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ప్లాస్టర్ టేపు అంటించి లాగేసి, తర్వాత నీళ్లతో కడగండి.

సంచిలో మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, దోమల మందు, టార్చిలైటు, కట్టు గుడ్డ చాలు. తిండికి పులిహోర, సర్వపిండి, సకినాలు. పెరుగన్నం వద్దు, మధ్యాహ్నానికి పులుస్తుంది. మూతలున్న డబ్బాల్లోనే పెట్టండి, చేతిలో కవరు కనిపిస్తే కోతులు వదలవు. తాడ్వాయి దాటితే సిగ్నల్ మీద ఆశ పెట్టుకోలేం. మ్యాపు ముందే ఫోనులో దాచుకోండి, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, పెట్రోలు ములుగులోనే నింపండి.

పాము సంగతి విడిగా చెప్పాలి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం ఏదీ చేయకండి. కాటు పడిన మనిషిని నడిపించకుండా, ఆ అవయవం కదలకుండా కర్ర ఆసరాగా కట్టి, మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు తీసేసి, 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే సొంత బండిలోనే ఆస్పత్రికి చేర్చండి. పామును పట్టుకోవాలని వెంటపడకండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఇచ్చే విరుగుడు మందు ఒకటే.

ఉదయం ఐదున్నరకు బయల్దేరండి. మధ్యాహ్నం మూడున్నరకు, ఇంకా కాసేపు ఉండాలనిపించినా సరే, తిరుగుముఖం పట్టండి. ఇంటికి చేరాక బూట్లు వాకిట్లోనే విప్పి దులపండి, పిల్లల చెవుల వెనక, మోకాళ్ల మడతల్లో పిడుదులున్నాయేమో చూడండి. కనిపిస్తే గిల్లకుండా పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి మెల్లగా పైకి లాగండి. రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే, అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకు తప్పకుండా చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోండి.