ఇంట్లో మీకంటూ ఒక మూల: ఇంట్రోవర్ట్‌లు ఇల్లు సర్దుకోవడం ఎలా

పండగకి చుట్టాలొచ్చారు, భోజనాలయ్యాయి, హాల్లో అందరూ చాపలేసుకుని కబుర్లలో పడ్డారు. మీకు వాళ్లంటే ఇష్టమే, పొద్దున్నుంచీ నవ్వుతూనే ఉన్నారు, కానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి తల బరువెక్కిపోయి, పనేమీ లేకపోయినా బాత్రూంలోకెళ్లి గడియ పెట్టుకుని పది నిమిషాలు ఊరికే నిలబడ్డారు. ఒక్కసారైనా ఇలా చేసినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఇంత ఇల్లు ఉండి కూడా ఊపిరి పీల్చుకోవడానికి బాత్రూంలోకి వెళ్లాల్సి రావడం చాలా బాధాకరం. పెళ్లైన కొత్తలో దాదాపు రెండేళ్లు నేను చేసింది అదే.

మాది హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. అత్తయ్య, మావయ్య, మేమిద్దరం, ఆరేళ్ల బాబు. నాకు విడిగా గది అనే మాటే లేదు. కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ గది లేనివాళ్లు కూడా చేసుకోగలిగినవే.

ముందు ఒక్క విషయం. ఇంట్రోవర్ట్ అంటే సిగ్గరి అని కాదు, మనుషులంటే పడనివాళ్లని అసలే కాదు. 1921లో కార్ల్ యుంగ్ రాసిన పుస్తకంతో ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది, మనసు లోపలివైపు తిరిగి ఉండేవాళ్లని దాని అర్థం. నలుగురిలో గడిపాక వీళ్లకి అలసట వస్తుంది, కాసేపు ఒంటరిగా ఉంటే తేరుకుంటారు, అంతే. మన ఇళ్లలో దీనికి పొగరనీ, ముంగి అనీ, నలుగురిలో కలవదనీ పేర్లు పెడతారు. చిన్నప్పటి నుంచీ అవి వినీ వినీ, కాసేపు విడిగా కూర్చోవాలని అడగడమే తప్పు అనుకునే స్థితికి చాలామంది వచ్చేస్తారు. తప్పు కాదు. ఆకలేస్తే అన్నం అడిగినట్టే ఇదీనూ.

కావల్సింది పెద్ద గది కాదు, ఇంటర్నెట్‌లో కనిపించే అందమైన రీడింగ్ కార్నర్ కూడా కాదు. ఎవరి చూపూ పడని, చప్పుడు తక్కువగా ఉండే, హఠాత్తుగా పిలుపు రాని చోటు ఒకటి, రోజూ కాసేపు దొరకాలి. ఈ మూడింటిలో మిమ్మల్ని ఎక్కువ అలిసిపోయేలా చేసేదేదో ముందు కనిపెట్టండి. ఒక వారం పాటు చిరాకు మొదలైన ప్రతిసారీ అది ఎక్కడ మొదలైందో ఫోన్‌లో రాసుకోండి. నేను నా సమస్య టీవీ సౌండ్ అనుకునేదాన్ని. రాసి చూసుకుంటే అది చూపు అని తేలింది. నేను కూర్చునే సోఫా వంటింటి నుంచి బాత్రూంకి వెళ్లే దారిలో ఉంది, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఒకసారి నా వైపు చూసి ఒక మాట అనేసి వెళ్లేవాళ్లు. ప్రేమగానే అనేవారు, కానీ గంటలో పదిసార్లు. ఆ సంగతి తెలియక నేను అప్పటికే హెడ్‌ఫోన్స్‌కి బోలెడు డబ్బులు పోశాను.

చోటు ఎంచుకోవడం

నడిచే దారిలో ఉండకూడదు. వెనక గోడ ఉండాలి, తలుపు పక్కవాటుగా కనిపించాలి. తలుపుకి వీపు పెట్టి కూర్చుంటే ఎవరో వస్తున్నారన్న భావన లోపల మెదులుతూనే ఉంటుంది, విశ్రాంతి ఉండదు. కొలత విషయానికొస్తే నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటే ఒక కుర్చీ, ఒక చిన్న స్టూలు పడతాయి. నా చోటు బెడ్‌రూమ్‌లో స్టీలు బీరువాకీ కిటికీకీ మధ్య. ఇదివరకు అక్కడ ఇస్త్రీ టేబులూ, ఊరెళ్లే సూట్‌కేసులూ ఉండేవి. సూట్‌కేసులు అటక మీదకెక్కాయి, ఇస్త్రీ టేబుల్ మడిచి మంచం వెనక్కి వెళ్లింది, ఆ ఖాళీలో చేతుల్లేని పాత కేన్ కుర్చీ వేశాను. కుర్చీని బీరువా వైపు కాస్త తిప్పితే గుమ్మంలో నిలబడ్డవాళ్లకి నా మోకాళ్లే కనిపిస్తాయి, మొహం కనిపించదు. వినడానికి చిన్న విషయమే, కానీ నా రోజుని మార్చింది ఆ తిప్పడమే.

బాల్కనీ బాగుంటుందని అందరూ అంటారు కానీ చాలా అపార్ట్‌మెంట్లలో ఎదురు బాల్కనీ పదిహేను అడుగుల దూరంలోనే ఉంటుంది. వెదురు తడకలు చుట్టి పైకి కట్టుకునేవి దొరుకుతాయి, ఒకటి వేలాడదీస్తే గాలి వస్తుంది, చూపు ఆగుతుంది. బట్టలారేసే తీగ మాత్రం అక్కణ్ణుంచి తీసెయ్యాలి, లేకపోతే అరగంటకోసారి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

మా అమ్మమ్మగారిది గోదావరి పక్క మండువా ఇల్లు. వీధి అరుగు మీద బయటివాళ్లు, మండువాలో ఇంటివాళ్లు, వెనక పెరట్లో నుయ్యి దగ్గర ఎవరి గోల వాళ్లది. మనిషి మెట్టు మెట్టుగా లోపలికి వెళ్లగలిగేవాడు. ఫ్లాట్‌లో మెయిన్ డోర్ తెరిస్తే నేరుగా హాలు, హాల్లో నుంచి నేరుగా బెడ్‌రూమ్. మధ్యలో అరుగూ లేదు, పెరడూ లేదు. ఆ మెట్లు మనమే పరదాతోనో, పుస్తకాల అలమరతోనో కట్టుకోవాలి.

చప్పుడు

అందరూ ముందు కొనేది నల్ల ఫోమ్ షీట్లు, డబ్బు దండగయ్యేదీ అక్కడే. అవి గదిలో పుట్టిన శబ్దం గింగురుమనకుండా చూస్తాయి, అంతే. పక్క గదిలో సీరియల్‌ని ఆపవు. అవతలి శబ్దం ఆగాలంటే బరువు కావాలి, సందులు మూసుకుపోవాలి. ముందు తలుపు కింద చూడండి, వేలు దూరేంత సందు ఉంటే ఎంత మంచి తలుపైనా దండగే. డోర్ బాటమ్ సీల్ అని అడిగితే హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, కొన్ని వందల్లో అయిపోతుంది, పైగా దోమలూ బొద్దింకలూ తగ్గుతాయి. లోపలి గోడలు చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలవే కాబట్టి, హాలుకీ బెడ్‌రూమ్‌కీ మధ్య గోడకి బట్టలతో నిండిన బీరువానో, పుస్తకాల అలమరనో ఆనించండి. శబ్దం పూర్తిగా ఆగదు, మాటలు మాటలుగా వినిపించకుండా పోతాయి. మనకి కావల్సింది అదే, ఎందుకంటే అలసట పుట్టించేది శబ్దం కన్నా అర్థమయ్యే మాట. ఫ్యాన్ హోరు పనికొచ్చేదీ ఇందుకే. టీవీ ఆ గోడకే తగిలించి ఉంటే ఎదుటి గోడకి మార్చమని అడగండి.

బయటి మైకుల సంగతి వేరే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రిపూట మోత భరించలేకపోతే 112కి ఫోన్ చెయ్యండి, అడిగే హక్కు మీకుంది.

వెలుతురు, వస్తువులు

ఇది త్వరగా చెప్పేస్తాను. పైన వెలిగే తెల్ల ట్యూబ్‌లైట్ సాధారణంగా 6500 కెల్విన్ ఉంటుంది (వెలుతురు రంగుకి కొలత ఇది, అంకె తగ్గేకొద్దీ పసుపు పెరుగుతుంది), దాని కింద ఎంతసేపు కూర్చున్నా ఆఫీసులో ఉన్నట్టే ఉంటుంది. 2700 నుంచి 3000 మధ్య ఉండే పసుపు బల్బు ఒకటి, చేతికందే టేబుల్ ల్యాంపులో పెట్టుకోండి. చేతికందడం ముఖ్యం, స్విచ్ కోసం గుమ్మం దాకా వెళ్తే అక్కడ ఎవరో ఒకరు పలకరిస్తారు. ఇంకోటి, ఆ మూలలో వేరేవాళ్ల వస్తువు ఒక్కటి కూడా ఉంచకండి. బాబు స్కూల్ డైరీ అక్కడ ఉందంటే బాబు అక్కడికి వస్తాడు, మందుల డబ్బా ఉందంటే మావయ్య వస్తారు. గోడలో ఒక అర, అందులో మీవి మాత్రమే ఉండాలి.

తలుపు, మాట

అసలు కష్టం ఇక్కడే ఉంది. సామాను సర్దడం ఒక ఆదివారం పని, ఇంట్లోవాళ్లకి చెప్పడం నెలల పని.

నేను చేసిన తప్పు ఏమిటంటే, చెప్పకుండా తలుపు వేసుకోవడం. గడియ పడిన చప్పుడు హాల్లోకి వినిపించేది. మా ఇళ్లలో పగలు గడియ పడిందంటే కోపం వచ్చిందనో, ఏడుస్తోందనో అర్థం. అత్తయ్య వెంటనే తలుపు దగ్గరికొచ్చేవారు.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"లేదత్తయ్యా, ఊరికే కాసేపు కూర్చుంటానంతే."

ఆ "ఊరికే" అన్న మాట ఆవిడకి అర్థమయ్యేది కాదు, ఇంకా కంగారు పడేవారు. ఒకరోజు ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, నెమ్మదిగా, పేర్లేవీ వాడకుండా చెప్పాను. ఆఫీసులో పొద్దుటి నుంచీ కాల్స్‌లో మాట్లాడి మాట్లాడి తల వేడెక్కిపోతుంది అత్తయ్యా, ఆరున్నర నుంచి ఏడు దాకా మాట్లాడకుండా కూర్చుంటే మళ్లీ మామూలైపోతాను, ఏడింటికి వచ్చి మీతో టీ తాగుతాను అన్నాను. ఆవిడ చిక్కుడు ఈనె తీస్తూ, "అదేగా నేను పొద్దున్నే చేసేది" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, ఐదున్నరకి లేచి పాలు పొయ్యి మీద పెట్టకముందే బాల్కనీలో ముక్కాలి పీట మీద అరగంట కూర్చుంటారు, ఎవరితోనూ మాట్లాడరు. ఆరేళ్లుగా చూస్తూ కూడా నేను దాన్ని ఆవిడ చోటు అనుకోలేదు. ఆ వేళప్పుడు నేను బాల్కనీలోకి వెళ్లి బట్టలు తీసేదాన్ని కూడా. ఆ రోజు నుంచి మానేశాను.

కాబట్టి చెప్పేటప్పుడు "నన్ను డిస్టర్బ్ చెయ్యకండి" అనకండి, అది తరిమేసినట్టు ఉంటుంది. ఎప్పుడు వెళ్తారో, ముఖ్యంగా ఎప్పుడు తిరిగొస్తారో చెప్పండి. ఏడింటికి వస్తానంటే ఏడింటికి రావాలి, అందులో మాత్రం తేడా రాకూడదు. వారం రోజులు మాట నిలబెట్టుకుంటే మిగతావాళ్లే గడియారం చూసుకుని ఆగుతారు. గడియ బదులు మేం పరదా పెట్టుకున్నాం. తలుపు ఓరగా ఉంటుంది, పరదా మూసి ఉంటే గుమ్మం బయట నుంచే పిలవాలి, తీసి ఉంటే లోపలికి రావచ్చు. తలుపు కొట్టి రావడం మనలో చాలా ఇళ్లకి అలవాటు లేదు, సొంతవాళ్ల గదికి తలుపు కొట్టడమేమిటని నొచ్చుకుంటారు కూడా. పరదా దగ్గర ఆ ఇబ్బంది లేదు. బాబు రెండు రోజుల్లో నేర్చుకున్నాడు.

పిల్లలూ ఇలాంటివాళ్లే అయితే, చుట్టాల ముందుకి లాక్కొచ్చి రైమ్ చెప్పించకండి. టేబుల్ కింద దుప్పటి వేలాడదీసి గూడులా చేసుకుని కూర్చున్నాడంటే వాడికి కావల్సింది వాడు వెతుక్కున్నాడని అర్థం. ఆ దుప్పటి ఎత్తి తొంగి చూసేముందు పిలవండి.

హాస్టల్, పీజీ, విదేశాల్లో షేరింగ్

అమీర్‌పేట, ఎస్సార్ నగర్ లాంటి చోట్ల త్రీ షేరింగ్‌లో ఉంటే గది మీ చేతిలో ఉండదు, మంచం ఉంటుంది. చేరేరోజే గోడ మూల మంచం అడగండి, తలుపు పక్కదీ బాత్రూం పక్కదీ వద్దు. రెండు మేకులకి తాడు కట్టి మంచం పక్కన చీరో దుప్పటో పరదాగా వేసుకోండి, వార్డెన్ ఒప్పుకోకపోతే గోడవైపు తిరిగి కూర్చునేలా తలగడ మార్చండి. రూమ్మేట్స్ టిఫిన్‌కి వెళ్లే ఇరవై నిమిషాలు మీవి, వాళ్లు తిరిగొచ్చాక మీరు వెళ్లండి. అమెరికాలో చదువుకునే మన పిల్లలు అద్దె పంచుకుని హాల్లో పరుపులేసుకునే చోట కూడా ఇదే లెక్క. ఖర్చు తక్కువని హాల్లో ఉండటానికి ఒప్పుకునే ముందు, వంటిల్లు ఆ హాల్లోకే తెరిచి ఉంటుందా, అర్ధరాత్రి పన్నెండింటికి అక్కడ వండుకునేవాళ్లు ఎవరున్నారు, ఇవి అడిగి తెలుసుకోండి. నా మాటైతే, అవసరమైతే వేరే ఖర్చు తగ్గించుకుని గదే తీసుకోండి.

కొత్తగా ఇల్లు చూస్తుంటే

పొద్దున పదకొండింటికి కాకుండా సాయంత్రం ఏడు తర్వాత వెళ్లండి, అసలు చప్పుడు అప్పుడే తెలుస్తుంది. బెడ్‌రూమ్ గోడ లిఫ్ట్‌కి ఆనుకుని ఉందా, కిటికీ కింద జనరేటరో, బోరు మోటరో ఉందా చూసుకోండి. అన్నిటికన్నా పై అంతస్తులో నెత్తి మీద అడుగుల చప్పుడు ఉండదు, కానీ మన ఎండలకి స్లాబ్ కాగిపోతుంది, కొన్ని బిల్డింగుల్లో లిఫ్ట్ మెషిన్ గది కూడా పైనే ఉంటుంది. బెడ్‌రూమ్ తలుపు హాల్లోకి నేరుగా కాకుండా చిన్న నడవలోకి తెరుచుకునే ప్లాన్ దొరికితే, పది చదరపు అడుగులు తక్కువైనా అదే తీసుకోండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అరగంట విడిగా కూర్చుంటే తేరుకోవాలి. రోజుల తరబడి కూర్చున్నా తేరుకోక, నిద్ర పట్టక, ఇష్టమైనవాళ్లతో కూడా మాట్లాడబుద్ధి కాకపోతే అది స్వభావం అనుకుని ఊరుకోకండి, డాక్టర్‌ని కలవండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా.

చుట్టాలు దిగినప్పుడు

అప్పుడు నా కుర్చీ కూడా పోతుంది, ఆ గదిలో పెదమావయ్యగారి వాళ్లు పడుకుంటారు. దానికి ముందే ఏర్పాటు చేసుకుంటాను. ఇంట్లో ఒంటరిగా చేసే పనులు కొన్ని ఉంటాయి, డాబా మీద ఆరేసిన బట్టలు తేవడం, పెరుగు ప్యాకెట్లకి సందు చివరి కొట్టుకి వెళ్లడం, రాత్రి అంట్లు సర్దడం. వాటిని నేనే ముందుగా అడిగి తీసుకుంటాను. సాయంత్రం బకెట్ పట్టుకుని పైకెళ్లి, వాటర్ ట్యాంక్ నీడలో పావుగంట కూర్చుని, తర్వాత నెమ్మదిగా క్లిప్పులు తీస్తాను. మొన్న సంక్రాంతికి కిందికి దిగుతుంటే మెట్ల మీదకి మాటలు వినిపించాయి. అమ్మాయి కనబడదేం, పిలవనా అని ఎవరో అడుగుతున్నారు. "బట్టలు తేవడానికి పైకెళ్లింది, అదే వస్తుందిలే, పిలవకండి" అంటున్నారు అత్తయ్య.