రంజీ పాత బొమ్మ అసలుదేనా? విశాఖ గాలిలో దాన్ని కాపాడుకోవడం ఎలా?

లండన్ వారపత్రిక 'వానిటీ ఫెయిర్' 1897 ఆగస్టు 26 సంచికతో ఇచ్చిన రంగుల బొమ్మ రంజీగా పేరుపొందిన క్రికెటర్, గుజరాత్‌లోని నవానగర్ సంస్థానపు రాజవంశీయుడు రంజిత్‌సింహ్‌జీది. అంతకు ముందు ఏడాదే ఆయన మాంచెస్టర్‌లో ఇంగ్లండు తరఫున ఆస్ట్రేలియాపై ఆడిన తన తొలి టెస్టులో 62, 154 నాటౌట్ పరుగులు చేశారు. నవానగర్ గద్దెనెక్కింది మాత్రం 1907లో. 'స్పై' అనే కలంపేరుతో లెస్లీ వార్డ్ గీసిన ఈ బొమ్మా, అదే పత్రికలో వచ్చిన లార్డ్ హారిస్, లార్డ్ హాక్ వంటి దొరల క్రికెట్ బొమ్మలూ ఇప్పటికీ అమ్మకానికి వస్తూనే ఉంటాయి. అలాంటిది విశాఖలోని ఇంటికి చేరినప్పుడు మొదట అది అసలుదో కాదో తేల్చుకోవాలి, ఆ తరువాత చెమ్మ నుండి కాపాడుకోవాలి. ఈ రెండింటిలో రెండోదే కష్టమైన పని.

ఆనాటి అసలు బొమ్మ క్రోమోలితోగ్రాఫ్, అంటే ఒక్కో రంగుకు ఒక్కో రాతి పలకపై జిడ్డు సిరాతో బొమ్మ గీసి, ఆ రంగులను ఒకదానిపై ఒకటి అచ్చువేసి తీసినది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దాన్ని బుగ్గ మీద రంగు ముదిరే చోట ఉంచి చూడాలి. అసలు బొమ్మలో రంగు, పొడి చల్లినట్టు, చిన్నా పెద్దా చుక్కలుగా ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. వరుసలు తీరిన సమానమైన చుక్కలు కనిపిస్తే అది తరువాతి కాలంలో ఫొటో తీసి యంత్రంపై అచ్చువేసిన ఆఫ్‌సెట్ ప్రతి. ఇంక్‌జెట్ ప్రతుల్లో కూడా చుక్కలు క్రమం లేకుండానే ఉంటాయి కనుక, ఈ పరీక్ష ఒక్కటే చాలదు. దొంగనోట్లను పట్టుకోవడానికి వాడే అల్ట్రావయొలెట్ టార్చిని చీకటి గదిలో కాగితంపై వేసి చూడాలి. తెల్లదనం కోసం రసాయనాలు కలిపిన నేటి కాగితం నీలిరంగుతో మెరుస్తుంది. ఆనాటి కాగితం అలా మెరవదు. కాగితం సుమారు 15 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు ఉండాలి. బొమ్మ కింద సాధారణంగా 'విన్సెంట్ బ్రూక్స్, డే అండ్ సన్' అన్న ముద్రాపకుల పేరు చిన్న అక్షరాలలో కనిపిస్తుంది.

1936లో ఇంగ్లండులో భారత జట్టుకు నాయకత్వం వహించిన మన విజయనగరం మహారాజకుమార్ విజ్జీ బొమ్మ కూడా ఇదే వరుసలో ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది. ఆయన పుట్టింది 1905లో, ఆ పత్రిక ఆగిపోయింది 1914లో. అందువల్ల బ్యాటు పట్టుకున్న విజ్జీ 'వానిటీ ఫెయిర్' బొమ్మ అంటూ ఎవరైనా చూపితే కొనవద్దు.

ఇక ఫ్రేము సంగతి. ఈ బొమ్మల్లో తెల్లని దుస్తులూ, చుట్టూ ఖాళీ కాగితమే ఎక్కువ కనుక, బూజు వల్ల వచ్చే గోధుమరంగు మచ్చలు ముందుగా అక్కడే బయటపడతాయి. అద్దానికి బొమ్మను ఆనించి, వెనుక హార్డ్‌బోర్డు పెట్టి మేకులు కొట్టే మామూలు పద్ధతి మన ఊరికి పనికిరాదు. చెమ్మ అద్దం లోపలి వైపు చేరితే సిరా అద్దానికి అంటుకుపోతుంది. చెక్కలోని ఆమ్లం కొన్నేళ్లకే కాగితాన్ని పసుపుపచ్చగా మారుస్తుంది. ఆమ్లం లేని మౌంట్ బోర్డును, అంటే బొమ్మ చుట్టూ అమర్చే మందపాటి అట్టను, కిటికీలా కోయించి, అద్దానికీ కాగితానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండేలా చేయమని దుకాణదారుకు ముందే చెప్పి, బోర్డు కొనుక్కుని మనమే తీసుకెళ్లడం మంచిది. బొమ్మను పైఅంచున రెండు చోట్ల మాత్రమే, సన్నని జపాన్ కాగితం ముక్కలతో, గోధుమ గంజి జిగురుతో నిలపాలి. గాలిలో తేమ పెరిగినప్పుడు సాగి, తగ్గినప్పుడు ముడుచుకునే కాగితానికి నాలుగు వైపులా బంధనం వేస్తే అలలు తేలుతుంది. సెల్లోటేపు, ఫెవికాల్, లామినేషన్ మూడూ నిషిద్ధం. తిరిగి విడదీయలేని ఏ పనీ పాత కాగితానికి చేయకూడదు.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ వంటి చోట్ల సముద్రం వైపు గోడకు ఈ బొమ్మను తగిలించకూడదు. వాన తాకని లోపలి గోడను ఎంచుకుని, ఫ్రేము వెనుక నాలుగు మూలలా బెండు ముక్కలు అతికిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. రాత్రి మాత్రమే ఏసీ వేసే పడకగది కూడా తగదు, ఎందుకంటే రోజూ పొడిబారి మళ్లీ తేమ పట్టే కాగితం, నిలకడగా కాస్త చెమ్మ ఉన్న చోట ఉన్న కాగితం కంటే త్వరగా పాడవుతుంది. నేరుగా ఎండ పడితే రంగులు వెలిసిపోతాయి, వెలిసిన రంగు మళ్లీ రాదు. హాల్లో సముద్రం కనిపించే చోటే బొమ్మ ఉండాలన్న కోరిక బలంగా ఉంటే, స్కాన్ తీయించి ఆ ప్రతిని అక్కడ తగిలించుకుని, అసలుదాన్ని ఆమ్లం లేని పెట్టెలో బల్లపరుపుగా భద్రపరచాలని నా గట్టి అభిప్రాయం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన రోజును ఈ ఊరివారు మరువలేరు. తుఫాను హెచ్చరిక రాగానే ఫ్రేమును దించి, పాలిథీన్‌లో చుట్టి, కిటికీలు లేని గదిలో ఎత్తున పెట్టాలి. గాలివాన తగ్గిన వెంటనే ఆ చుట్టు విప్పాలి, లేదంటే లోపలి తేమే బూజుగా మారుతుంది. కాగితం తడిస్తే ఎండలో వేయక, ఇస్త్రీ చేయక, బ్లాటింగ్ కాగితంపై బొమ్మ పైకి ఉండేలా పరచి నీడలో ఆరబెట్టాలి. అద్దానికి అంటుకున్నట్లయితే లాగవద్దు. కాగితాలను బాగుచేసే నిపుణుల దగ్గరకు అద్దంతో సహా అలాగే తీసుకెళ్లాలి. ఏటా వానలు పూర్తిగా వెనుకబట్టాక, డిసెంబరులో ఒకసారి ఫ్రేము వెనుక భాగం విప్పి మచ్చలు, వెండిరంగు పురుగులు, చెద జాడలు ఉన్నాయేమో చూసి, కొత్త కాగితపు పట్టీతో అంచులు మూయాలి.